ఆగి ఆగి మోగే సెట్టు: లారీ స్టీరియోకు కరెంటు ఎక్కడ తెగుతోంది?

లారీలో పాట ఆగిపోవడం పైకి చిన్న విషయం. ఇంజన్ బాగుంటుంది, బ్రేకులు పడతాయి, లైట్లు వెలుగుతాయి. సెట్టు ఒక్కటే గతుకు పడ్డప్పుడు ఆరిపోయి, ఇంకో గతుకు పడ్డప్పుడు వెలుగుతుంది. వర్క్‌షాపుకు తెచ్చి ఆపితే గంటసేపు ఏ లోపమూ లేకుండా మోగుతుంది. ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూసి "కరెంటు వస్తోంది కదన్నా, సెట్టే పోయింది, మార్చెయ్" అంటాడు. కొత్త సెట్టు కొంటారు. నెల తిరక్కుండానే అదీ అలాగే ఆగుతుంది.

ఆ సెట్టు అవసరం ఎంతో రాత్రిళ్లు బండి నడిపేవాళ్లకు తెలుసు. చాలా లారీల్లో ఇప్పుడు క్లీనరు లేడు. నెల్లూరు దాటాక తెల్లవారే దాకా డ్రైవరుకు తోడు ఆ పాటలే. సెట్టు ఆగినప్పుడల్లా ఒక చెయ్యి స్టీరింగ్ మీద ఉంచి, రెండో చేత్తో దాన్ని తట్టడం, వెనక వైర్లు కదపడం మామూలైపోయింది. ఆ కాసేపూ కళ్లు రోడ్డు మీద ఉండవు. పైగా పాటను ఆపుతున్న లూజు జాయింటే వేడెక్కి తొడుగును కరిగించగలదు. కాబట్టి దీన్ని 'పాటల గొడవ' అని కొట్టిపారేయడం నాకు నచ్చదు.

ఈ సమస్య మీద సెట్లు అమ్మేవాళ్లు, ఆటోనగర్ ఎలక్ట్రీషియన్లు, బ్యాటరీ షాపులవాళ్లు, డ్రైవర్లు చెప్పే మాటలు వేర్వేరుగా ఉంటాయి. ఒకరు ఫ్యూజు అంటారు, ఒకరు కన్వర్టర్ అంటారు, ఇంకొకరు బ్యాటరీ నుంచి డైరెక్టుగా లాగమంటారు. ప్రతి మాటలోనూ కొంత నిజం ఉంది. అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూశాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది: లోపం సెట్టు లోపల ఉండేది తక్కువ, సెట్టుకు వచ్చే దారిలో ఉండేది ఎక్కువ. ఆ దారిలోనూ అందరూ వెతికేది కరెంటు వచ్చే వైపు. ఎక్కువగా తెగేది అది తిరిగి వెళ్లే వైపు, అంటే ఎర్త్. ఇక అది దొరకకపోవడానికి కారణం లోపం మొండిది కావడం కాదు. పరీక్ష చేసే తీరులోనే తేడా ఉంది.

మూడు వైర్లు చెప్పే కథ

బయట కొని బిగించుకునే సెట్లకు దాదాపు ఒకటే రంగుల లెక్క. పసుపు వైరు బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే కరెంటు. గడియారం, ఎంచుకున్న స్టేషన్లు, బ్లూటూత్ జత అన్నీ దాని మీదే బతుకుతాయి. పాటకు కావలసిన శక్తి కూడా మామూలుగా దాన్లోంచే వస్తుంది. ఎరుపు వైరు కీ తిప్పితే వచ్చే కరెంటు. సెట్టును లేపడమే దాని పని, దాన్లో పారేది చాలా తక్కువ. నలుపు ఎర్త్. తెలుపు, బూడిద, ఆకుపచ్చ, ఊదా జతలు స్పీకర్లవి. బండిలో కంపెనీ సాకెట్టు ఐఎస్ఓ 10487 ప్రమాణం ప్రకారం ఉంటే 4వ పిన్ను బ్యాటరీది, 7వది కీది, 8వది ఎర్త్. కొన్ని యూరప్ కంపెనీల బళ్లలో 4, 7 తారుమారై ఉంటాయి. చూసుకోకుండా గుచ్చితే కీ తీసిన ప్రతిసారీ సెట్టు అన్నీ మరిచిపోతుంది. అది లూజు కాంటాక్ట్ కాదు, కనెక్షన్ తప్పు.

ఈ రంగుల లెక్క తెలిస్తే స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే సగం పని అయిపోతుంది. సెట్టు ఆగి మళ్లీ వచ్చినప్పుడు గడియారం సరిగ్గా ఉందా, పన్నెండు దగ్గరకు పోయిందా? సరిగ్గా ఉంటే పసుపు, నలుపు రెండూ తెగలేదు. అనుమానం ఎరుపు మీద, అంటే కీ స్విచ్చు, దాని ఫ్యూజు, ఆ వైరు జాయింటు మీద. గడియారం పోతే పసుపో నలుపో తెగింది. వెలుగు ఉండి పాట మాత్రం ఆగితే కరెంటు పోలేదు. లోపలి యాంప్లిఫయర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగింది, స్పీకరు వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. పాట వస్తూ డిస్‌ప్లే ఒక్కటే ఆరితే ఊడదీయడానికి వీలైన ముందు వైపు ప్లేటు వెనక ఉన్న చిన్న పిన్నులకు మట్టి పట్టిందని అర్థం. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిస్తే చాలు.

ఇంకో గుర్తు ఉంది, దాన్ని పట్టించుకునేవాళ్లు అరుదు. యాంటెన్నా వైరు ఊడదీస్తే సెట్టు పూర్తిగా ఆరిపోతోందా? అలాగైతే నల్ల వైరు ఎప్పుడో తెగిపోయింది. యాంటెన్నా కేబులు చుట్టూ ఉండే జాలీ బాడీకి తగులుతుంది కాబట్టి సెట్టు దాన్లోంచి ఎర్త్ తీసుకుని ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది. సౌండు తక్కువ ఉన్నంతసేపూ నడుస్తుంది, పెంచితే ఆగుతుంది. విడిగా యాంప్లిఫయర్ పెట్టుకున్న బళ్లలో ఆ పని ఆడియో కేబులు జాలీ చేస్తుంది. ఇంజన్ స్పీడుతో పాటు పెరిగే సన్నని ఈల స్పీకర్లలో వినిపిస్తుంటే ముందు ఈ కోవలోనే వెతకాలి.

డ్రైవరు చెప్పే మాటలను తోసేయకూడదన్నది ఇందుకే. 'గతుకుకు ఆగుతుంది' అంటే జాయింటు. 'సౌండు పెంచితే ఆగుతుంది' అంటే ఎక్కడో దారి ఇరుకైంది. 'సెల్ఫ్ కొట్టినప్పుడు పోతుంది' అంటే బ్యాటరీ వైపు చూడాలి. 'అరగంట మోగాక ఆగుతుంది, చల్లారాక వస్తుంది' అంటే వేడి. కన్వర్టరో, సెట్టు లోపలి చిప్పో. 'హారన్ కొడితే ఆగుతుంది' అంటే రెండిటికీ ఎర్త్ ఒకటే అయి ఉండాలి, లేదా హారన్ కాయిల్ ఆగినప్పుడు వచ్చే వోల్టేజీ పోటు సెట్టును రీసెట్ చేస్తూ ఉండాలి. ఈ అయిదు ప్రశ్నలూ అడగకుండా డ్యాష్‌బోర్డు విప్పే మనిషి చీకట్లో వెతుకుతున్నట్టే.

మీటరు 'కరెంటు ఉంది' అన్నంత మాత్రాన

వర్క్‌షాపుల్లో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే కాబట్టి దీన్ని కొంచెం నిదానంగా చెబుతాను. సెట్టు వెనక సాకెట్టు ఊడదీసి, పసుపు పిన్నుకూ బాడీకీ మధ్య మీటరు పెడతారు. 12.6 చూపిస్తుంది. 'కరెంటు బ్రహ్మాండంగా ఉంది' అని తేల్చేస్తారు. కానీ మీటరు లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. వైరులో ముప్పై పోగులు తెగి ఒక్క పోగు మిగిలినా మీటరుకు ఆ ఒక్క పోగు చాలు. సెట్టుకు చాలదు. బాస్ గట్టిగా పడినప్పుడు సెట్టు అయిదు నుంచి ఎనిమిది ఆంపియర్ల దాకా లాగవచ్చు. అప్పుడు ఆ ఒక్క పోగు దగ్గర వోల్టేజీ కుప్పకూలుతుంది. ఓమ్‌లలో కొలిచినా ఇదే మోసం.

మరో తప్పు, మీటరు నల్ల పిన్నును కనిపించిన ఏ బోల్టుకో ఆనించడం. దానివల్ల సెట్టు నల్ల వైరు పరీక్షకే రాదు.

సరైన పద్ధతి కష్టమేమీ కాదు. సెట్టు బిగించి ఉండగానే, మోగుతూ ఉండగానే కొలవాలి. మీటరు ఒక పిన్ను బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ మీదే పెట్టాలి; అందుకు పొడవాటి వైరు ఒకటి కట్టుకోవాలి. రెండో పిన్ను సెట్టు నల్ల వైరు మీద. సౌండు తగ్గించి చూడండి, పెంచి చూడండి. ఎర్త్ బాగుంటే మీటరు 0.1 వోల్టు చుట్టుపక్కల ఉంటుంది, పెంచినా 0.2 దాటదు. అక్కడ అరవోల్టు, ఒక వోల్టు కనిపించి, పాటలో దరువు పడినప్పుడల్లా అంకెలు ఎగురుతుంటే దొంగ దొరికినట్టే. అదే పరీక్షను బ్యాటరీ పాజిటివ్ నుంచి పసుపు వైరు వరకు కూడా చేయాలి. కన్వర్టర్ ఉన్న బండిలో దాని 12 వోల్టుల అవుట్‌పుట్ నుంచి పసుపు వైరు వరకు కొలవాలి. పొడవాటి వైరు, ఫ్యూజు కలిపి అరవోల్టు వరకు పోనివ్వవచ్చు, అంతకు మించితే వెతకాల్సిందే. మీటర్లో కనిష్ఠ, గరిష్ఠ విలువలను పట్టి ఉంచే బటన్ ఉంటే ఇంకా మంచిది. కంటికి దొరకని క్షణం అందులో దొరుకుతుంది.

షాపులో నిలబెట్టినంతసేపూ బాగా మోగే బండి సంగతేమిటి? దానికి పాత తరం ఎలక్ట్రీషియన్ల ఉపాయం ఒకటి ఉంది, ఇప్పటి ఏ పరికరమూ దాన్ని మించలేదని నా నమ్మకం. 12 వోల్టుల 5 వాట్ల చిన్న బల్బులు మూడు తీసుకోవాలి. మొదటిదాన్ని సెట్టు పసుపు వైరుకూ నల్ల వైరుకూ మధ్య కట్టాలి. రెండోదాన్ని అదే పసుపు వైరుకూ, ఛాసిస్ మీద గీకి శుభ్రం చేసిన చోటుకూ మధ్య కట్టాలి. మూడోది ఎరుపు వైరుకూ ఆ ఛాసిస్ ఎర్త్‌కూ మధ్య. మూడిటినీ డ్రైవరుకు కనిపించేలా డ్యాష్‌బోర్డు మీద టేపుతో అంటించి, ఒక్కో దానికీ సన్నని ఫ్యూజు వేసి, "సెట్టు ఆగినప్పుడు ఏది ఆరిందో చూసి చెప్పన్నా" అని పంపించాలి. మొదటిది ఆరి రెండోది వెలుగుతుంటే నల్ల వైరు. రెండూ ఆరితే పసుపు. మూడోది ఒక్కటే ఆరితే కీ వైపు. మూడూ వెలుగుతూ ఉండగానే సెట్టు ఆగితే అప్పుడు సెట్టును అనుమానించాలి. ఎల్‌ఈడీలు ఇక్కడ పనికిరావు. అవి పాడైన జాయింటులోంచి వచ్చే కొద్దిపాటి కరెంటుకు కూడా వెలుగుతాయి. తీగ బల్బు అయితే డిమ్ అవుతుంది, ఆ డిమ్మే మనకు కావలసింది.

క్యాబిన్ ఎర్త్ అనే పెద్ద సమస్య

కారులో ఎర్త్ గురించి ఇంత బాధ లేదు. బాడీ మొత్తం ఒకే ఇనుము, ఎక్కడ బిగించినా చాలావరకు పనిచేస్తుంది. లారీ అలా కాదు. మన దగ్గర ఏళ్లుగా చాలా లారీలు ముందు భాగం, ఛాసిస్ మాత్రమే కొని తెచ్చుకుని క్యాబిన్‌ను బాడీ బిల్డింగ్ షెడ్డులో కట్టించుకున్నవే. విజయవాడ జవహర్ ఆటోనగర్ లాంటి చోట్ల ఆ పని ఒక పరిశ్రమ. అలా కట్టిన క్యాబిన్లలో చెక్క ఫ్రేము మీద రేకు కొట్టినవి ఇప్పటికీ తిరుగుతున్నాయి. సెట్టును డ్రైవరు తల పైన చెక్క పెట్టెలో బిగిస్తారు. ఎర్త్ కోసం దగ్గర్లో ఉన్న రేకు స్క్రూకు నల్ల వైరు చుట్టేస్తారు. ఆ రేకుకూ ఛాసిస్‌కూ మధ్య చెక్క, రంగు, మేకులు. మొదట్లో ఎలాగో పనిచేస్తుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి మేకు చుట్టూ తుప్పు పట్టి ఆ దారి మూసుకుపోతుంది.

కంపెనీ క్యాబిన్లకు వేరే చిక్కు. ముందుకు వంగే క్యాబిన్ ఛాసిస్ మీద రబ్బరు బుష్‌ల మీద కూర్చుంటుంది. క్యాబిన్‌కూ ఛాసిస్‌కూ మధ్య కరెంటు దారి ఒక అల్లిక రాగి పట్టీ మాత్రమే. సర్వీసు సమయంలో ఆ పట్టీ బోల్టు విప్పి మళ్లీ బిగించకపోయినా, బురదలో నాని పట్టీ ముక్కలైనా క్యాబిన్‌లోని సమస్తానికీ ఎర్త్ సగం పోతుంది. సెట్టు అన్నిటికంటే ముందు బయటపడుతుంది, ఎందుకంటే అది చిన్న వోల్టేజీ పతనాన్ని కూడా ఓర్చుకోదు. డ్యాష్‌బోర్డు లైట్లు కాస్త మసకబారుతాయి, ఎవరూ చూడరు. క్యాబిన్ ఎత్తి దించినప్పుడల్లా మడతపడే చోట వైరింగ్ కట్టలో పోగులు లోపలే తెగుతాయి. తొడుగు బాగానే ఉంటుంది. క్యాబిన్ ఎత్తిన తర్వాతే సెట్టు ఆగడం మొదలైందని డ్రైవరు చెబితే నేరుగా అక్కడికే వెళ్లాలి.

నా సలహా ఒకటే. లారీలో సెట్టు ఎర్త్‌ను క్యాబిన్ రేకుకు వదిలేయకండి. పసుపు వైరు ఎంత మందమో అంత మందం నల్ల వైరును ఛాసిస్ ప్రధాన ఎర్త్ బోల్టు దాకా లాగండి, బోల్టు కింద రంగు గీకి మెరిసే ఇనుము కనిపించాకే రింగు టెర్మినల్ బిగించండి, పైన గ్రీజు పూయండి. భీమవరం వైపు రొయ్యల లోడు ఎత్తే బళ్లు, కాకినాడ, కృష్ణపట్నం రేవులకు తిరిగే బళ్లు అయితే ఆ గ్రీజు తప్పనిసరి. ఉప్పు గాలికి శుభ్రం చేసిన ఇనుము ఎన్నో రోజులు నిలవదు.

24 వోల్టుల బండిలో 12 వోల్టుల సెట్టు

ఈ సమస్యలో ఎక్కువ వాదన నడిచేది ఇక్కడ. పెద్ద లారీల్లో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిసి 24 అవుతాయి, ఇంజన్ నడుస్తుంటే ఆల్టర్నేటర్ 28 దగ్గర ఉంచుతుంది. మార్కెట్లో చవగ్గా దొరికే సెట్లు 12 వోల్టుల కార్లవి. వాటిలో విరివిగా వాడే టీడీఏ 7388 లాంటి యాంప్లిఫయర్ చిప్ 18 వోల్టుల వరకు పనిచేస్తుంది. 28 దాకా పనిచేయకుండా తట్టుకుంటుంది. 50 మిల్లీసెకన్ల పోటు అయితే 50 వోల్టుల వరకు భరిస్తుంది. కాబట్టి 24కు నేరుగా కలిపితే వెంటనే పొగ రాకపోవచ్చు గానీ అది మోగదు, మిగతా భాగాలు ఎక్కువ కాలం బతకవు.

దీనికి రెండు దారులు వాడుకలో ఉన్నాయి. ఒకటి, రెండు బ్యాటరీల నడుమ నుంచి 12 తీయడం. ఖర్చు లేదు, అయిదు నిమిషాల పని. అందుకే ఎక్కువ బళ్లలో ఇదే కనిపిస్తుంది. నేను దీన్ని సమర్థించలేను. సెట్టు కింది బ్యాటరీ నుంచి మాత్రమే తాగుతుంది, ఛార్జింగ్ మాత్రం రెండిటికీ కలిపి వస్తుంది. నాళ్లు గడిచేకొద్దీ కింది బ్యాటరీ ఎప్పుడూ ఆకలిగా, పైది ఎప్పుడూ ఎక్కువ ఛార్జింగ్‌తో ఉంటాయి. పైదానిలో నీళ్లు తొందరగా తగ్గుతాయి. తెల్లవారి సెల్ఫ్ కొట్టినప్పుడు కింది బ్యాటరీ వోల్టేజీ ఒక్కసారిగా పడిపోయి సెట్టు రీసెట్ అవుతుంది. ఇంజన్ స్టార్టవుతుంది కాబట్టి బ్యాటరీ మీద అనుమానం రాదు. చివరికి పోయేది వేలు పోసి కొన్న బ్యాటరీల జత. ఇంజన్ నడుస్తుండగా రెండు బ్యాటరీలనూ విడివిడిగా కొలిస్తే ఈ తేడా తెలిసిపోతుంది. అరవోల్టుకు మించి తేడా ఉంటే నడుమ నుంచి లాగిన వైరే మొదటి ముద్దాయి.

తెలియనివాళ్లు పై బ్యాటరీ నుంచి తీస్తే ఇంకా ప్రమాదం. అప్పుడు సెట్టు నల్ల వైరు బాడీ కంటే 12 వోల్టులు పైన ఉంటుంది. సెట్టు డబ్బా ఇనుపది, అది నల్ల వైరుతో కలిసే ఉంటుంది. డబ్బా బ్రాకెట్టుకు తగిలినా, యాంటెన్నా బిగించినా షార్టే. గతుకులకు డబ్బా కదిలి తగులుతూ ఊడుతూ ఉంటే 'కరెంటు పోయి వస్తోంది' అనిపిస్తుంది, నిజానికి జరుగుతున్నది నిప్పు పుట్టే పని.

రెండో దారి 24 నుంచి 12కు దించే కన్వర్టర్. ఇదే సరైనది, అయితే కన్వర్టర్లన్నీ ఒకటి కావు. పాత రకం మిగులు వోల్టేజీని వేడిగా తగలేస్తుంది. 28ని 14 చేస్తూ 5 ఆంపియర్లు ఇస్తుంటే దానిలో పుట్టే వేడి 70 వాట్లు. దాన్ని సీటు కింద గోనెసంచి పక్కన పెడితే అరగంటలో కాగిపోయి, రక్షణ కోసం ఆగిపోయి, చల్లారాక మళ్లీ వస్తుంది. స్విచింగ్ రకం చల్లగా ఉంటుంది, కానీ నాసిరకానివి రేడియో స్టేషన్ల మీద గరగర తెస్తాయి. డబ్బా మీద 10 ఆంపియర్లని రాసి ఉంటే అది ఎప్పుడూ ఇవ్వగలిగినదా, క్షణకాలం ఇవ్వగలిగినదా అని అడిగి తీసుకోవాలి. గాలి తగిలే చోట, లోహం మీద బిగించాలి. అసలు 24 వోల్టుల సెట్టే దొరికితే ఈ గొడవ మొత్తం ఉండదు. మోడళ్లు తక్కువ, ధర ఎక్కువ, అంతే. ఏటా బ్యాటరీలు మార్చే ఓనరు ఆ ధరను ఇంకోసారి లెక్క వేసుకోవాలి.

చిన్న బళ్లలో, అంటే 12 వోల్టుల పికప్‌లలో ఈ పేచీ లేదు. అక్కడ ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ పాడై వోల్టేజీ 16 దాటినప్పుడు సెట్టు తనంతట తాను ఆగే సందర్భాలు ఉంటాయి. ఇంజన్ స్పీడు పెంచినప్పుడే ఆగుతుంటే ముందు ఛార్జింగ్ చూడాలి.

జాయింట్లు, ఫ్యూజులు, వైరు మందం

ఆగి ఆగి మోగే సెట్టు వైరింగులో నల్ల టేపు చుట్టిన జాయింటును ఒకసారి విప్పి చూస్తే చాలా విషయాలు అర్థమవుతాయి. ఎండకు టేపు జిగురు కరిగి నల్లటి బంకలా వేళ్లకు అంటుకుంటుంది. లోపల మెలిపెట్టిన రాగి ఎరుపు పోయి ముదురు గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది, తేమ తగిలిన చోట పచ్చటి పొడి. లాగితే మెలిక చేతిలోకి వచ్చేస్తుంది. ఆ వైరుకే సెల్‌ఫోన్ ఛార్జరు, జీపీఎస్ డబ్బా, అద్దం చుట్టూ రంగు లైట్లు ఒకదాని మీద ఒకటి మెలిపెట్టి ఉంటాయి. ఎవరు ఎప్పుడు కలిపారో బండి ఓనరుకే తెలియదు.

మెలిక కాకపోతే మరేమిటి? సోల్డరింగ్ మేలా, నొక్కి బిగించే టెర్మినల్ మేలా అన్న వాదన చాలాకాలంగా ఉంది. సోల్డరింగ్ గట్టిదే, కానీ సీసం పీల్చుకున్నంత మేర పోగులు కడ్డీలా బిగుసుకుపోతాయి, ఆ అంచు దగ్గర లారీ అదురుకు వైరు విరుగుతుంది. బండ్ల కంపెనీలు టెర్మినళ్లనే నమ్ముకున్నది అందుకే. అయితే టెర్మినల్‌ను కటింగ్ ప్లేయర్‌తో నలిపితే అది టెర్మినల్ కాదు. దానికంటూ ఉన్న నొక్కే పనిముట్టుతోనే నొక్కాలి. సోల్డరింగ్ తప్పకపోతే ఆ చోటును కదలకుండా కట్టేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగాలి. వైరును కోయకుండా పైనుంచి బిగించే ప్లాస్టిక్ క్లిప్పులను లారీల్లో అసలు వాడకూడదు. లోపలి బ్లేడు పోగులను కోస్తూనే ఉంటుంది.

వైరు మందం గురించి షాపుల్లో పట్టింపు లేదు. బ్యాటరీ పెట్టె ఛాసిస్ పక్కన, సెట్టు తల పైన. నడుమ అయిదు మీటర్లు తేలిగ్గా అవుతుంది. అర చదరపు మిల్లీమీటరు రాగి వైరు అయిదు మీటర్లకు 0.17 ఓమ్. ఎనిమిది ఆంపియర్లు పారితే పసుపులోనే దాదాపు 1.4 వోల్టు పోతుంది, నలుపు కూడా అదే మందమైతే ఇంకో 1.4. అదే ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్లైతే ఒక్కో వైపు 0.46. సౌండు పెంచితే ఆగే సెట్లలో కొన్నిటికి మందమే మందు.

ఫ్యూజు చూడ్డానికి బాగున్నా హోల్డరు పాడై ఉండవచ్చు. సెట్టుతో వచ్చే గాజు ఫ్యూజు గొట్టంలో స్ప్రింగు వేడికి బిగువు కోల్పోతుంది. వేలితో నొక్కితే పాట వస్తుంది, వదిలితే పోతుంది. పట్టీ ఫ్యూజు మేలు. ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15. సెట్టు వెనక ఎంత రాసి ఉంటే అంతే వేయాలి. ఫ్యూజు పదేపదే పోతోందని దాని చోట రాగి పోగో, సిగరెట్ పెట్టె వెండి కాగితమో పెట్టడం క్షమించరానిది. వెనక చెక్క క్యాబిన్ ఉంది, పక్కన పరుపు ఉంది, దాని మీద మనిషి పడుకుని ఉంటాడు.

బ్యాటరీ నుంచి డైరెక్టుగా వైరు లాగడం చాలామంది చివరి మందు. పసుపు వైరు వరకు ఇది మంచి పనే, ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉంటే. ఎరుపును కూడా దానికే కలిపితే సెట్టు ఎప్పుడూ మేలుకునే ఉండి, రెండు మూడు రోజులు బండి ఆగితే బ్యాటరీ పడిపోతుంది. కీ స్విచ్చు అరిగిందనుకుంటే దాని కరెంటుతో ఒక రిలేను మాత్రం నడిపించి, ఎరుపుకు రిలే ద్వారా ఇవ్వడం పద్ధతి. రాత్రి బ్యాటరీ కటాఫ్ స్విచ్చు ఆపే అలవాటున్న డ్రైవరుకు మాత్రం ముందే చెప్పాలి, తెల్లారేసరికి గడియారం పోవడం జబ్బు కాదని.

టేపు రికార్డర్ల కాలంలో ఈ ఫిర్యాదు ఇంత వినపడేది కాదు. అప్పుడు వైరింగ్ మెరుగ్గా ఉండి కాదు. క్యాసెట్టు సెట్టుకు కరెంటు క్షణంలో వందో వంతు తెగితే మోటారు తన ఊపుతోనే తిరిగేది, పాట చిన్నగా తడబడి సర్దుకునేది. ఇప్పటి సెట్టులో ప్రాసెసర్ ఉంది. ఆ క్షణం చాలు, అది మొదటి నుంచి మొదలవుతుంది. తాకే తెర ఉన్న ఆండ్రాయిడ్ సెట్లయితే మళ్లీ లేచేందుకే అరనిమిషం పైన తీసుకుంటాయి. పాత వైరింగ్ మీద కొత్త సెట్టు పెట్టి 'పాతదే నయం' అనేవాళ్లు చెప్పేది అబద్ధం కాదు. పాతది లోపాన్ని దాచేది.

సెట్టే పోయిందని ఎప్పుడు ఒప్పుకోవాలి

ఇంత చూశాక కూడా కొన్ని సందర్భాల్లో లోపం సెట్టుదే. సాకెట్టు పిన్ను బోర్డు మీద సోల్డరింగ్ దగ్గర పగులుతుంది. తల పైన ఎండకు కాగే పెట్టెలో కెపాసిటర్లు ఎండిపోతాయి. వెనక పట్టీ కట్టకుండా ముందు ఫ్రేము మీదే వేలాడదీసిన సెట్టు ప్రతి గతుకుకూ ఊగి లోపలి కనెక్టర్లను వదులు చేసుకుంటుంది. చవక సెట్ల మీద 200 వాట్లని పెద్ద అక్షరాలు ఉండి వెనక 10 ఆంపియర్ల ఫ్యూజు ఉంటే, 14.4 వోల్టులకు అది లాగగలిగేది 144 వాట్లే. అందులోనూ స్పీకర్లకు చేరేది కొంతే. అలాంటిదాన్ని పూర్తి సౌండులో నడిపి ఆగిందని వైరింగును తిట్టి లాభం లేదు.

దీన్ని తేల్చడానికి సెట్టును బయటికి తీసి బల్ల మీద పెట్టాలి. బాగా ఛార్జయిన 12 వోల్టుల బ్యాటరీ, పొట్టి మందపాటి వైర్లు, సరైన ఫ్యూజు, రెండు మంచి స్పీకర్లు. గంటసేపు మామూలు కంటే గట్టిగా మోగించాలి, వేడెక్కాక డబ్బాను నాలుగు వైపులా మెత్తగా తట్టాలి, సాకెట్టును అటూ ఇటూ కదపాలి. అక్కడ కూడా ఆగితే సెట్టు మార్చుకోవచ్చు, షాపువాడితో గ్యారంటీ గురించి గట్టిగా మాట్లాడవచ్చు. ఆగకపోతే దాన్ని తిరిగి బండిలో బిగించి, నల్ల వైరు చివర ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాలి.